యజమాని మాటకు పరపతి

బజారులో పరపతి అనే మాటకు రెండర్థాలున్నవి. అప్పు పుట్టడం ఒకటి, పలుకుబడి రెండవది. రెండింటికీ ఒకే మాట పెట్టిన మన పెద్దలు లోకం తెలిసినవారు. మాట నిలిచేవాడికే అప్పు పుడుతుంది. మాట నిలవనివాడు రొక్కం చేత పట్టుకొని వచ్చినా, సరుకిచ్చేవాడు నోటును ఒకటికి రెండుసార్లు తిప్పి చూస్తాడు.

తాతల నాడు మగ్గమో, దుకాణమో, కంట్రాక్టు పనో నమ్ముకొని ఈ ప్రాంతాలకు వచ్చినవారి సంతతి మన సంఘంలో పెక్కుమంది. నేడు వారిలో కొందరు పదిమందికి జీతమిచ్చే యజమానులు, మరికొందరు పెద్ద కంపెనీలలో మేనేజర్లు. తక్కిన వారందరూ మావలె ఒక యజమాని మాట మీద నెల గడుపుకొనేవారు. ఇరవై యేళ్లకు పైగా ఆఫీసు బల్ల ముందు కూర్చుని పైవారు చెప్పిన ఉత్తరాలు, నోటీసులు టైపు చేస్తున్నాము. ఏ నోటీసును జనం నమ్ముతారో, దేనిని చదివి పెదవి విరుస్తారో ఆ బల్ల దగ్గర బాగా తెలుస్తుంది. కనుక ఈ నెల యజమాని మాటను గురించి నాలుగు ముక్కలు మనవి చేయదలచినాము.

మంచి కబురు చెప్పడానికి నేర్పు అక్కరలేదు. బోనసు ప్రకటించే మేనేజరు తడబడినా అందరూ చప్పట్లే కొడతారు. యజమాని మాటకు అసలు పరీక్ష చెడ్డ కబురు వచ్చిన రోజున.

అటువంటి పరీక్ష 1982 సెప్టెంబరు చివర అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి వచ్చింది. మన ఇళ్లలో పసిబిడ్డల పౌడరు డబ్బా మీద చూసిన పేరే అది. మనం పారాసిటమాల్ అని పిలిచే మందును ఆ కంపెనీ శాఖ ఆనాడు అక్కడ టైలినాల్ అనే పేరుతో అమ్మేది. చికాగో ప్రాంతంలో ఆ క్యాప్సూళ్లు మింగిన ఏడుగురు మరణించారు. వారిలో పన్నెండేళ్ల బాలిక ఒకతె. ఎవరో దుర్మార్గుడు అంగళ్లలోని సీసాలు తెరచి, క్యాప్సూళ్లలో సయనైడు విషం నింపి, మళ్లీ అక్కడే పెట్టాడు. ఆ హంతకుడెవరో నేటికీ తేలలేదు.

విషం తమ కర్మాగారంలో కలవలేదు గనుక “ఇందులో మా తప్పేమీ లేదు, పోలీసులను అడగండి” అని చేతులు దులుపుకొనే వీలు ఆ కంపెనీకి ఉన్నది. అధ్యక్షుడు జేమ్స్ బర్క్ ఆ దారి పట్టలేదు. ఆ క్యాప్సూళ్లు వాడవద్దని కంపెనీయే దేశమంతటా చెప్పింది. ప్రకటనలు ఆపివేసింది. జనం ఖర్చు లేకుండా ఫోను చేసి అడగడానికి ఏర్పాటు చేసింది. అక్టోబరు 5వ తేదీన దేశంలోని అంగళ్లనుండి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కు పిలిపించింది. వాటి అమ్మకపు ధర 10 కోట్ల డాలర్లకు పైమాటే. ఇళ్లలో ఉన్న క్యాప్సూళ్లకు బదులుగా మాత్రలు ఇస్తామన్నది.

ఇందులో గుమాస్తాలమైన మాకు అన్నిటికంటె నచ్చినది ఒక చిన్న సంగతి. తమ కర్మాగారంలో సయనైడు లేనే లేదని కంపెనీవారు మొదట పత్రికలకు చెప్పారు. తరువాత విచారిస్తే, పరీక్షశాలలో కొద్దిగా వాడుతున్నట్లు తెలిసింది. ఆ గడ్డు దినాలలో అది బయటపెట్టడమంటే పుండు మీద కారం చల్లుకోవడమే. అయినా ముందు చెప్పినది సరికాదని ఒప్పుకొన్నారు. తన మాటను సవరించుకొన్నవాడి తరువాతి మాటను జనం నమ్ముతారు. అదే సంగతి మరొకరు పట్టుకొని లోకానికి చూపితే, ఆపైన ఎన్ని నిజాలు చెప్పినా వినేవాడుండడు.

విపత్తుకు ముందు అమెరికాలో ఆ రకం మందుల అమ్మకాలలో మూడో వంతుకు పైగా టైలినాల్‌దే. కొద్ది వారాలలో అది నూటికి ఎనిమిదికి పడిపోయింది. ఆ పేరు మళ్లీ లేవదని అనుకొన్నవారు చాలామంది. నవంబరులో మూడు సీళ్లు వేసిన కొత్త పెట్టెతో సరుకు మళ్లీ అంగళ్లకు వచ్చింది. ఒక సంవత్సరం గడిచేసరికి పోయిన బేరంలో అధిక భాగం తిరిగి చేరింది. చెప్పినదానికి తగినట్లు చేసినందువల్లనే జనం తిరిగి వచ్చారు.

అయితే ఒకనాడు సంపాదించిన పరపతి కలకాలం ఉండదు. అదే కంపెనీ మీద టాల్కం పౌడరు విషయంలో తరువాతి కాలంలో వేలకొద్దీ దావాలు పడ్డాయి. పౌడరు వల్ల హాని లేదని కంపెనీ వాదించింది. చివరకు అమెరికా, కెనడాలలో 2020లోనూ, ప్రపంచమంతటా 2023లోనూ టాల్కుతో చేసిన పసిపిల్లల పౌడరు అమ్మకం మానుకొన్నది. తండ్రి కూడబెట్టిన మాటను కొడుకు మళ్లీ తన మాటతో సంపాదించుకోవలసిందే.

చెప్పవలసిన కబురు చెప్పవలసిన రోజున చెప్పకపోతే ఏమవుతుందో మన తెలుగువారికి దగ్గరగానే తెలిసింది. హైదరాబాదులో 1987లో స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌లో మన బంధువర్గంలో ఎవరో ఒకరి పిల్లవాడు పనిచేయని ఊరు లేదు. 2008లో ఆ కంపెనీకి సత్పరిపాలనకని బహుమానం కూడా వచ్చింది. 2009 జనవరి 7వ తేదీన అధ్యక్షుడు రామలింగరాజుగారు డైరెక్టర్లకు ఒక ఉత్తరం రాశారు. పద్దులలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవన్నది అందులోని సారాంశం. ఆ ఒక్క రోజులో వాటా ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. సుమారు యాభై వేల ఉద్యోగుల కుటుంబాలకు ఆ రాత్రి నిద్ర లేదు.

ఉత్తరం మటుకు చూస్తే స్పష్టంగానే ఉన్నది. అంకెలున్నవి, డొంకతిరుగుడు లేదు. కాని ఆ అంకెలు చెప్పవలసిన కాలం ఎన్నో యేళ్ల క్రితమే దాటిపోయింది. ప్రతి మూడు నెలలకూ వెలువడిన లెక్కలను నమ్మి డబ్బు పెట్టినవారికి ఆనాటి స్పష్టత ఏ మాత్రం పనికివచ్చింది? 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో కలిపి పదిమందికి ఏడేళ్ల శిక్ష విధించింది. మరుసటి నెల పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. కోర్టు సంగతి కోర్టుది. పోయిన నమ్మకానికి బెయిలు లేదు.

ఇక అర్థమయ్యేటట్లు చెప్పడం మాట. అమెరికాలో వారన్ బఫెట్ అనే వ్యాపారి దశాబ్దాలపాటు తన వాటాదారులకు ఏటేటా ఉత్తరం రాశారు. రాసేటప్పుడు తన అక్క డోరిస్‌తోనూ, చెల్లెలు బెర్టీతోనూ మాట్లాడుతున్నట్లు ఊహించుకొంటానని ఆయన 1998లో చెప్పారు. వారు తెలివిగలవారే కాని పద్దుల శాస్త్రం చదవలేదు. 1985లో తన పాత బట్టల మిల్లును మూసివేసినప్పుడు కూడా, తప్పు పనివారిదీ మేనేజర్లదీ కాదనీ, ఆ వ్యాపారంలో పెట్టిన డబ్బు తిరిగి రాదనీ విడమరచి రాశారు. ఎదుట అక్కచెల్లెళ్లున్నారనుకొంటే నీళ్లు నమలడం ఎవరికైనా కష్టమే.

మనవంటి రెండు భాషల సంసారులకు ఇక్కడ మరొక చిక్కున్నది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో, నోటీసు బోర్డు మీద ఇంగ్లీషు. కొన్నేళ్ల క్రితం మా ప్రాంతంలోని ఒక నూలు మిల్లులో ఇంగ్లీషున ఒక నోటీసు అంటించారు. పత్తి రాలేదు గనుక పన్నెండు రోజులు లే ఆఫ్ అని దాని భావం. లే ఆఫ్ అంటే పని తాత్కాలికంగా ఆపడమే. కాని గేటు దాటేసరికి ఆ మాట “అందరినీ తీసేశారట” అని మారిపోయింది. సాయంకాలానికి కిరాణా కొట్టువారు మిల్లు కూలీలకు అరువు నిలిపేశారు. యజమాని నోటీసు సరిగా లేక, ఆయన పరపతికంటె ముందు పనివారి పరపతి పోయింది.

మరునాడు ముసలి మేస్త్రీ ఒకరు గేటు దగ్గర బల్ల ఎక్కి, తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పారు: “నాయనలారా, పత్తి రాలేదు. పన్నెండు రోజులు మిల్లు నడవదు. ఈ రోజులకు సగం జీతం. పదమూడో రోజు పొద్దున సైరన్ కూస్తుంది, మీరు రండి. ఎవరి పేరూ కొట్టేయలేదు.” అంతే, గుంపు కరిగిపోయింది. కొట్లలో పద్దులు మళ్లీ తెరిచారు. పదమూడో రోజు పొద్దున సైరన్ కూసింది. ఆ తరువాత ఏ పుకారు లేచినా మిల్లువారు “మేస్త్రీగారేమన్నారు?” అని అడిగి తెలుసుకొనేవారు.

ఆ నాలుగు మాటలలోనే మనం నేర్చుకోవలసినదంతా ఉన్నది. కారణం చెప్పారు, తేదీ చెప్పారు, డబ్బెంతో చెప్పారు, జనం గుండెల్లో ఉన్న భయానికి సూటిగా జవాబు చెప్పారు. అది కూడా వినేవారి భాషలో.

కాబట్టి పదిమందిని నడిపే స్థానంలో ఉన్న మన సోదర సోదరీమణులకు మా మనవి ఇది. చెడ్డ కబురును ఊరివారికంటె ముందు మీ నోటనే చెప్పండి. బ్యాంకువారికి ఒక లెక్క, పనివారికి ఒక లెక్క చెప్పకండి, రెండు లెక్కలూ ఏదో ఒక టీ కొట్టు దగ్గర కలుసుకొంటాయి. తెలియనిదానిని తెలియదనండి, ఎప్పటికి తెలుస్తుందో ఆ తేదీ కూడా చెప్పి, ఆ రోజున మళ్లీ వారి ఎదుట నిలబడండి. నోటీసు అంటించే ముందు మీ దగ్గర ఊడ్చే మనిషికి చదివి వినిపించి, ఏమర్థమైందో అడగండి. ఆమె చెప్పినదే రేపు ఊరంతా చెప్పుకొనే మాట.

జీతం ఆలస్యమైతే కుటుంబం పది రోజులు ఓర్చుకోగలదు. ఎన్నాళ్లు ఓర్చుకోవాలో తెలియకపోతేనే ఇల్లాలు గాజులు తాకట్టుకు తీస్తుంది. యజమాని నిజంగా చెప్పిన ఒక్క తేదీ ఆ గాజులను చేతికే ఉంచుతుంది.