మెట్లక్రింది పీపాలు

ఆరవ నిజాము మహబూబలీఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిదు అను ఆర్మీనియా జాతీయుడు పెట్టిన దుకాణమువలన ఆబిడ్సునకు ఆ పేరు వచ్చినది. దుకాణము ఏనాడో పోయినది గాని పేరును, వర్తకమును నిలిచినవి. నేటికిని అచ్చటినుండి నాంపల్లి స్టేషను దిక్కునకు నడచిపోయినచో, క్రింద అంగడియు మీద కాపురమును గల మేడలు పెక్కు కానవచ్చును. క్రింది వానికి మీదివారి పేరు తెలియదు. మీదివారికి క్రింద ఏమి నిలువయున్నదో తెలియదు. ఈ తెలియకపోవుటను గూర్చియే మేము వ్రాయదలచితిమి.

2023 నవంబరు 13వ తేదీ దీపావళి మరునాడు. ఆ యుదయమున నాంపల్లి బజారుఘాటులోని యొక మేడ క్రింది యంతస్తున నిప్పు రేగెను. అచ్చట పీపాలకొలది రసాయనములు నిలువజేయబడియుండెను. అవి ఫైబరు పనికి వాడునవని అధికారులు తెలిపిరి. మంట క్రిందనే పుట్టినను పొగకు మెట్లదారియే పొగగొట్టమయ్యెను. మీద కాపురమున్నవారికి దిగివచ్చుటకును అదియొక్కటియే దారి. నాడు తొమ్మండుగురు మరణించిరి. వారిలో పిల్లలును, స్త్రీలును గలరు. వారెవ్వరును రసాయనశాలలో పనిచేయువారు కారు.

రసాయనమనగా నెక్కడనో పటాన్‌చెరువులోనో జీడిమెట్లలోనో ఉండు కర్మాగారపు వస్తువని మనము తలంతుము. ఆ తలంపు సరికాదు. ఫైబరు రేకులకు, తొట్లకు వాడు పాలియెస్టరు జిగురును సాధారణముగా స్టైరీనను ద్రవములో కరగించి యుంచుదురు. స్టైరీను ఆవిరి నిప్పందుకొనుటకు సుమారు 31 సెంటీగ్రేడు డిగ్రీల వేడి చాలును. మన నగరపు వేసవిలో నీడపట్టునను అంతకంటె నెక్కువయే యుండును గదా.

ఈ స్టైరీనే 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణములోని ఆర్. ఆర్. వెంకటాపురము ప్రజలను నిద్రలోనే పట్టుకొనెను. తడిసిన గడ్డిని వామి వేసినచో లోలోపల కాగి తుదకు పొగ వెడలుట పల్లెలో పుట్టిన సోదరీమణులెరుగుదురు. స్టైరీనుది నించుమించుగా నట్టి స్వభావమే. దానిని చల్లగా నుంచి, గట్టిపడకుండ ఆపు మందు కలిపి కాపాడవలెను. లేనిచో తనలో తానే గట్టిపడుచు వేడి పుట్టించును. ఆ వేడి మరింత గట్టిపడుటను త్వరపరచును. మహమ్మారి కాలపు నిర్బంధమువలన పని నిలిచిన ఎల్. జీ. పాలిమర్సు కర్మాగారములో తొట్టి చాలదినములు కదలకయుండెను. చల్లదనము చాలలేదు. ఆవిరి వెడలి ఊరిపై బడెను. పన్నెండుగురు చనిపోయిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము విచారించి చెప్పినవానిలో మమ్ము మిక్కిలి బాధించినది యొకటి కలదు: ఆ రాత్రి అపాయము తెలుపు సైరను మ్రోగింపబడలేదు. సైరను లేక కాదు, ఉండియు మ్రోగలేదు.

ఇట్టి ఆపదలకు చట్టము లేదా యందురేమో. కలదు. 1984 డిసెంబరులో భోపాలు నగరము విషవాయువుపాలైన పిమ్మట మన ప్రభుత్వము మేల్కొని, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించెను. అపాయకర రసాయనముల తయారీ, నిలువ, దిగుమతులను గూర్చి 1989లో నిబంధనలు వెలువడెను. ఈ నిబంధనలలోని తాత్పర్యము మాకు మిక్కిలి నచ్చినది. తొట్టిలో ఏమున్నదో ఎరిగినవాడు కర్మాగారపు యజమాని. దారులు మూయించుటకును, ఆస్పత్రులను సిద్ధపరచుటకును, ఊరు ఖాళీ చేయించుటకును శక్తి గలది సర్కారు. ఒకరి యెరుక మరియొకరి శక్తితో గూడనిచో రెండును వ్యర్థములే. కావున కర్మాగారములోపలి ఏర్పాటు యజమాని వ్రాసి ఆరు నెలల కొకసారి అభ్యాసము చేయించవలెను. వెలుపలి ఏర్పాటు జిల్లా యధికారులు వ్రాసి ఏట నొకసారి అభ్యసింపజేయవలెను. చుట్టుపట్ల నివసించువారికి అపాయమేమో, అది వచ్చిననాడు చేయదగినదేమో, చేయరానిదేమో ముందుగనే తెలుపవలెనని కూడ నందే వ్రాయబడినది. కాగితముమీద ఇంతకంటె నేమి కావలెను?

1996లో మరికొన్ని నిబంధనలు వచ్చినవి. వానిప్రకారము జిల్లాకొక ఆపన్నివారణ సంఘము, పారిశ్రామిక ప్రాంతమున కొక స్థానిక సంఘము ఉండవలెను. జిల్లా సంఘమునకు కలెక్టరు అధ్యక్షుడు. (హైదరాబాదు కలెక్టరు కచ్చేరి బహుకాలము నాంపల్లి స్టేషను రోడ్డుననే యుండెడిది. బజారుఘాటు అచ్చటికి దూరము కాదు.) స్థానిక సంఘములో ఫ్యాక్టరీల ఇనస్పెక్టరు, పరిశ్రమలవారు, పోలీసులు, అగ్నిమాపకాధికారి మాత్రమే గాక వైద్యులు, స్థానిక పత్రికా సంపాదకుడు, ఇద్దరు సంఘసేవకులు సైతము కూర్చుండవలెను. ఆ సంఘసేవకులు పురుషులే కావలెనని ఎక్కడను లేదు. మన మహిళాసమాజములవారు ఆ కుర్చీ యడుగవచ్చును. ఇంతవరకు ఎందరడిగిరి? మేమును అడుగలేదని ఒప్పుకొనుచున్నాము.

అయినను ఈ నిబంధనలన్నియు నిలువ యొక పరిమాణమునకు మించినపుడే వర్తించును. పెద్ద తొట్టికి కలెక్టరు, ఇనస్పెక్టరు, ఇంజనీరులు ఒక్కచోట కూడి యాలోచింతురు. ఆ తొట్టిలోని సరుకే పీపాలుగా విడివడి, ఆటోట్రాలీ యెక్కి, సందు మలుపు తిరిగి, మేడమెట్ల క్రిందికి చేరినపుడు ఆ పెద్ద యేర్పాటు దానివెంట రాదు. పురపాలకులు, అగ్నిమాపకశాఖ, పోలీసులు ఎవరి దారి వారిదే. మాకు తోచినంతవరకు పరిశ్రమలవారు చేయదగిన గొప్ప సాయమిచ్చటనే కలదు. సరుకు ఎవరి కమ్మితిమో, అది ఎచ్చట దింపబడినదో వారి చిట్టాలలో నుండును గదా. ఆ చిట్టా అగ్నిమాపకాధికారి చేతికి వచ్చినచో, పీపా యెక్కడనున్నదో మంట పుట్టకముందే తెలియును.

మొన్న మేము తలుపులకు రంగు వేయించుటకై ఆబిడ్సు ప్రాంతపు దుకాణమున థిన్నరు కొంటిమి. అంగడివాడు దానిని నీళ్ళు త్రాగు పాతసీసాలో పోసి యిచ్చెను. పేరు లేదు, గుర్తు లేదు.

"పిల్లవాడెవడైన నీళ్ళనుకొని త్రాగిన నేమగును నాయనా?" అంటిమి.

"ఏమీ కాదమ్మా, ఇరువదియేండ్లుగా ఇట్లే పోయుచున్నాను" అనెను.

ఆ సీసా మేము తీసికొనలేదు. మూతతోడి డబ్బాయే కావలెనంటిమి. అందులకు విసుగుకొనుచునే తెచ్చియిచ్చెను.

మా బంధువులొకరు నాంపల్లిలో నద్దెకున్న మేడలో క్రింద ఆరేడు పీపాలుండుట చూచి, మేమే వెళ్ళి ఆ యద్దెదారు నడిగితిమి. "ఖాళీవి అక్కా, భయము లేదు" అని నవ్వెను. సరుకు పోసికొన్న పీపాలో ఆవిరి మిగిలియుండును. గాలితో కలిసిన ఆవిరికి నిప్పురవ్వ తగిలినచో నిండుపీపాకంటె ఖాళీపీపాయే ముందు ప్రేలవచ్చును. ఈ మాట చెప్పగా అతని నవ్వు ఆగెను. యజమానురాలిని పిలిచి మరల చెప్పితిమి. ఆమె మీది యంతస్తులోనే కాపురమున్నది. వెంటనే మెట్లు దిగివచ్చి, తానును ఆ పీపాలను మొదటిసారి చూచినట్లు చూచెను.

పదునైదు దినములకు పీపాలు లేవు. ట్రాలీలో తీసికొనిపోయిరట. ఎచ్చటికని అడిగితిమి. ఇంకొకచోట గది దొరికినదని మాత్రము చెప్పిరి.