వార్తల్లో పదం: ఎర్ర జాబితా

ఎర్రచందనపు దుంగలు పట్టుబడిన వార్తల నడుమ తఱచుగా కనబడు ‘ఎర్ర జాబితా’ యనునది, జీవజాతులు అంతరించు ప్రమాదమునకు ఎంత చేరువలో నున్నవో తరగతులుగా నిర్ణయించుచు, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 1964 నుండి నిర్వహించుచున్న పట్టిక. పేరులోని యెరుపు ప్రమాదసూచకమే కాని చందనపు రంగు కాదు.

ఎర్రచందనమునకును, దాని జ్ఞాతియైన వేగిసకును ఇందు వేర్వేరు స్థానములు గలవు. రెండును టెరోకార్పస్ ప్రజాతివే. రెండింటికిని పసుపుపచ్చని పూలే, రెక్క చుట్టిన గుండ్రని కాయలే. ఆకును చూచిన భేదము తెలియును: చందనమునకు సామాన్యముగా మూడు పత్రకములు, వేగిసకు ఐదు మొదలు ఏడు. చేవకు ఎరుపునిచ్చు శాంటలిన్ వర్ణద్రవ్యమే దుంగల దొంగలను రప్పించి మొదటిదానికి శత్రువైనది. శేషాచలము, వెలిగొండ, పాలకొండ, లంకమల ప్రాంతములకే దాదాపుగా పరిమితమైన యీ వృక్షమును 2018లో తక్కువ ప్రమాదపు తరగతికి దించియు, పిమ్మట మరల ‘అంతరించు ప్రమాదమున నున్న’ వానిలో చేర్చిరి. చేవతో తొలిచిన గిన్నెలో నీరు నిలిపి మధుమేహమునకు త్రాగు వేగిస మాత్రము, అమ్రాబాదు నల్లమల మొదలు శ్రీలంక వఱకు వ్యాపించియు, ‘ప్రమాదమునకు చేరువైన’ తరగతిలో నున్నది.

చౌటుప్పల్ చెలకలో ఎర్రచందనము నాటదలచిన రైతు ఒకటి గుర్తెఱుగవలెను: ఈ లెక్క అడవిలో సహజముగా మొలచిన చెట్లది. అయినను, 1995 నుండి ఈ జాతి, వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు సైటీస్ ఒడంబడిక రెండవ అనుబంధమున నున్నది గావున, తోటలో పెంచిన కలపనైనను అనుమతిపత్రము లేక విదేశములకు పంప వీలులేదు.