ఆటల పేళ్లు – అంగళ్ల ప్రకటనలు

మన వార్షిక సంచికకు ప్రకటనలు సమకూర్చు విద్యార్థులును, వాని నిచ్చు వర్తకులును తెలిసికొనఁదగిన విషయమొకటి కలదు. ప్రసిద్ధములైన క్రీడోత్సవముల పేళ్లను ఎవరైనను తమ సరకుల విక్రయమునకై వాడుకొనవచ్చునా? దీనిని మేము సంగ్రహముగా వివరింపఁదలఁచితిమి.

2024వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అనంతపురమందలి ఆర్.డి.టి. క్రీడామైదానమున దులీప్ ట్రోఫీ క్రికెట్ పందెములు జరిగినవి. వానలు తప్పి వేరుసెనగ పండని యేఁడు మన సీమ వర్తకునకు బేరములు సన్నగిల్లును. అట్టివాఁడు ఇట్టి జనసమ్మర్దమును జూచి, ఉత్సవము పేరు తన పలకపై వ్రాయఁగోరుట సహజము. కాని క్రీడలను నడపు సంఘములు ఆ పేరు వాడుకొను హక్కును గొప్ప సంస్థలకిచ్చి ధనము గడించును. కావున ఇతరులు వాడుకొనినచో అభ్యంతరము చెప్పును.

ఇట్టి తగవొకటి 2003వ సంవత్సరమున ఢిల్లీ హైకోర్టులో తీర్పునకు వచ్చెను. ఫిలిప్స్ వారి సంగీతయంత్రములను కొనువారు ప్రపంచ కప్పు టిక్కెట్లు గెలువవచ్చునని ప్రకటింపఁబడఁగా, అంతర్జాతీయ క్రికెట్ మండలికి చెందిన సంస్థ దానిని నిలుపవలెనని కోరెను. న్యాయస్థానము అందులకు సమ్మతింపలేదు. ప్రపంచ కప్పు అనునది లోకమున సామాన్యముగా వాడఁబడు మాట; ప్రకటనలో మండలి చిహ్నము లేదు. కీర్తిపై హక్కు మనుష్యునకే గాని ఉత్సవమునకు లేదనియు న్యాయస్థానము చెప్పెను.

ఈ చివరి మాట గమనింపఁదగినది. 2021లో మన తెలుఁగు బిడ్డ పి.వి. సింధు టోక్యో ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము గెలిచినపుడు, పలు సంస్థలు అభినందనల నెపమున ఆమె చిత్రమును తమ పేళ్లతో జతపఱచి ప్రకటించెను. ఆమె వ్యవహారములు చూచువారు అనుమతి లేని యా ప్రకటనలకు నోటీసులు పంపిరి.

ఒలింపిక్ ఐదు వలయముల సంగతి వేఱు. 1950వ సంవత్సరపు చిహ్నముల, పేళ్ల చట్టము కేంద్ర ప్రభుత్వపు అనుమతి లేక వానిని వ్యాపారమునకు వాడుటను నిషేధించుచున్నది. బాలుఁడు తరగతి గోడపై గీసిన వలయములు వ్యాపారము కావు. వాని ప్రక్కను చెప్పుల దుకాణము పేరు చేర్చినచో వ్యాపారమగును.

నమోదైన గుర్తును తన సరకునకు తగిలించుట 1999వ సంవత్సరపు వాణిజ్య చిహ్నముల చట్టమునకు విరుద్ధము. ఉన్న సంగతిని నిజాయితీగా తెలుపుటకు ఆ చట్టమే చోటిచ్చినది. పందెములు చూడవచ్చువారికై మా యంగడి రాత్రివఱకు తెఱచియుండునని వ్రాయుట సత్యము. పందెములకు మేమే అధికార విక్రేతలమనుట అసత్యము. పది ఆజ్ఞలలో తొమ్మిదవదానిని కంఠస్థము చేసిన బాలబాలికలకు ఈ భేదము క్రొత్త కాదు.

చిన్న వర్తకుఁడు ప్రతి ప్రకటనకును న్యాయవాదిని అడుగఁజాలఁడు. కావున ప్రకటన వ్రాసియిచ్చు విద్యార్థి ముందుగా ఆలోచింపవలెను: ఈ మాట సరకు గుణమును తెలుపుచున్నదా, లేక ఒరుల కీర్తిని సరకునకు తొడుగుచున్నదా?