టీచరు కావాలనుకునే వాళ్ళకి పక్కవాడే పాఠం



"పెద్దయ్యాక ఏమవుతావు?" అని ఎవరు అడిగినా మన హాస్టల్లో చాలామంది "టీచరు" అంటాము. మంచిదే. ఇంటరు తర్వాత డీసెట్ రాయాలి, రెండేళ్ళు ట్రైనింగు, ఆ తర్వాత డీఎస్సీ. కాని ఏ ట్రైనింగు కాలేజీలోనూ లేని వసతి ఒకటి మనకు ఇప్పుడే ఉంది. పాఠం అర్థం కానివాడు రాత్రీ పగలూ మన పక్కనే ఉంటాడు. వాడు ఎక్కడ ఆగిపోయాడో సార్లకన్నా ముందు మనకే తెలుస్తుంది.

తీసివేతలే చూడండి. 52 లోంచి 27 తియ్యమంటే ఆరో తరగతి తమ్ముడొకడు 35 అని రాశాడు. ఎర్ర ఇంటూ పడింది. స్టడీ అవర్లో పక్కవాడు "ఎలా చేశావురా, చెప్పు" అని అడిగాడు. "రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచి రెండు తీశాను" అన్నాడు. అంటే వాడికి తీసివేత రాకపోలేదు, పదుల కట్ట విప్పొచ్చని తెలీదు, అంతే. పక్కవాడు చీపురు పుల్లలు పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టి, విడిగా రెండు పెట్టి, ఒక కట్ట విప్పి చూపించాడు. అయిదు నిమిషాల పని. ఎర్ర ఇంటూ ఆ పని చెయ్యలేదు.

"అర్థమైందా?" అని అడిగితే అందరం "అయింది సార్" అంటాము. అది మనందరికీ తెలిసిన రహస్యమే! రేపు మనం టీచర్లమయ్యాక ఆ మాట నమ్మకూడదు. "నువ్వు చెప్పు, నేను వింటాను" అనాలి.

ఇంకో సంగతి, సవర లెక్క. పెద్దవాళ్ళ లెక్కలో 13 అంటే పన్నెండు మీద ఒకటి. 19 అంటే పన్నెండు మీద ఏడు. 20కి మళ్ళీ వేరే పేరు. 93 అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. అలా లెక్కపెట్టే ఇంట్లోంచి వచ్చిన చెల్లికి "పదమూడులో పదులెన్ని?" అంటే వెంటనే తట్టకపోవడం వింతేమీ కాదు. పైగా 93 అనడంలోనే ఆమె గుణకారం, కూడిక రెండూ చేసేస్తోంది. అది తెలిసిన మాష్టారు ఆమెను మొద్దు అనరు, ఆ లెక్కతోనే పాఠం మొదలెడతారు.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు (1863–1940) పర్లాకిమిడిలో మాష్టారు. సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకొని అతని దగ్గరే నేర్చుకొన్నారు. తర్వాత సవర పిల్లలకు సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాము. ఆ రోజు స్టేజీ మీద ఈ సవర సంగతి కూడా చెప్పుకుంటే బాగుంటుంది.

ఆయన మనిషిని వెతికి తెచ్చుకోవాల్సి వచ్చింది. మనకు పై మంచం మీదే ఉన్నాడు.

వార్డెన్ గారికి ఒక మనవి. శనివారం స్టడీ అవర్లో అరగంట పాటు తొమ్మిదో తరగతి వాళ్ళం ఆరో తరగతి వాళ్ళ పక్కన కూర్చుంటాము. వాళ్ళ భాషలో మాట్లాడుకోనివ్వండి. కొంచెం గోల అవుతుంది, ఓర్చుకోండి.

ఈ వారం ప్రశ్న: 35ని సవరలో ఎలా చెబుతారు? తెలిసిన వాళ్ళని అడిగి, ఈ పేపరు కింద ఖాళీలో పెన్సిలుతో రాయండి.