మనకోసం పాడని పాటలు

1990 ఫిబ్రవరిలో లండన్‌లో విడుదలైన ఒక రికార్డు అట్ట మీద పచ్చిక బయలు, అందులో గొర్రెల మంద. పేరు ‘చిల్ ఔట్’. చేసినవాళ్లు కేఎల్ఎఫ్ అనే పేరుతో పనిచేసే ఇద్దరు మిత్రులు, బిల్ డ్రమండ్, జిమ్మీ కాటీ. లోపల ఉన్నది 44 నిమిషాల రాత్రి ప్రయాణం. అమెరికా దక్షిణ తీరం వెంట, టెక్సాస్ నుంచి లూసియానా దాకా. రైలు వస్తుంది, పోతుంది. గొర్రెలు అరుస్తాయి. ఎక్కడో రేడియోలో ఎల్విస్ ప్రెస్లీ పాడుతుంటాడు. మత ప్రచారకుడొకడు ఊగిపోతూ మాట్లాడతాడు. ఉన్నట్టుండి దక్షిణ సైబీరియాలోని తువా ప్రాంతపు గాయకులు గొంతు అడుగు నుంచి రెండు స్వరాలు ఒకేసారి పలికిస్తారు. విచిత్రమేమిటంటే డ్రమండ్ ఆ ఊళ్లేవీ చూడలేదు. మ్యాపులో పేర్లు చదువుతూ, అక్కడ ఏం వినబడుతుందో ఊహించుకున్నాడంతే.

దాన్ని రికార్డు చేసిన తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. కాటీ ఉంటున్న పాత ఇంటి నేలమాళిగలో క్యాసెట్లు, డిజిటల్ టేపులు, ఒక రికార్డు ప్లేయరు, వాటన్నిటినీ కలిపే మిక్సరు పెట్టుకున్నారు. మొదటి నుంచి చివరిదాకా ఒకే విడతలో నడిపించారు. ఎడిటింగ్ లేదు. చివరికొచ్చాక ఎక్కడైనా చెయ్యి తప్పితే టేపులన్నీ వెనక్కి తిప్పి మళ్లీ మొదలు. కొత్తగా వాయించినది అసలు లేదని కాదు, స్టీల్ గిటార్ గ్రాహం లీ వాయించాడు. కానీ విన్నవాళ్లకు గుర్తుండిపోయేవి మాత్రం అరువు తెచ్చిన శబ్దాలే.

వేరొకరి రికార్డింగులోంచి ఒక ముక్క కోసుకుని కొత్త సంగీతంలో అతకడాన్ని శాంప్లింగ్ అంటారు. ఆ ముక్క శాంపిల్. మన సినిమా పాటల రీమిక్స్‌లో పాత పాట అలాగే ఉంటుంది, కింద దరువు మారుతుంది. శాంప్లింగ్‌లో పాత పాట ఆనవాలు కూడా మిగలకపోవచ్చు. ఒక్క డ్రమ్ము దెబ్బ, గాయని పల్లవికి ముందు పీల్చిన ఊపిరి, పియానో తీగ మోగి ఆగిపోతుండగా గదిలో మిగిలిన గాలి. ఇంత చాలు.

ఇలాంటి ఆల్బమ్‌లు మనిషిని ఎందుకు సేద తీరుస్తాయి? నెమ్మదిగా సాగుతాయి కాబట్టి అనేది సగం జవాబే. నెమ్మదైన సంగీతానికి లోకంలో కొదవ లేదు, హోటల్ లాబీల్లో, లిఫ్టుల్లో ఎవరూ వినకపోయినా మోగుతూనే ఉంటుంది. నాకు తోచిన కారణం వేరే. మామూలు పాటలో గాయకుడు మన వైపు తిరిగి పాడతాడు. తన ప్రేమనో దుఃఖాన్నో మన చేతిలో పెట్టి, ఏమంటారని చూస్తాడు. శాంపిళ్లతో కట్టిన సంగీతంలో వినిపించే గొంతులు వేరే ఎవరి కోసమో, ఏనాడో, ఇంకేదో పని మీద పలికినవి. మన బదులు కోసం ఎదురుచూసేవాళ్లు అందులో లేరు. బస్సు ఊరు దాటుతుండగా రోడ్డు పక్క టీ కొట్లోంచి ఒక చరణం చెవిన పడి వెనక్కి జారిపోతుంది చూడండి. అదే పాటను ఇంట్లో తీరిగ్గా పెట్టుకుంటే ఆ రుచి రాదు. చిల్ ఔట్ ఆల్బమ్‌లు ఆ జారిపోయే క్షణాన్ని గంటసేపు సాగదీస్తాయి.

ఈ బాణీకి ‘చిల్ ఔట్’ అనే పేరు ఒక గది వల్ల వచ్చింది. 1980ల చివర లండన్‌లో ‘హెవెన్’ అనే క్లబ్బులో, డీజే పాల్ ఓకెన్‌ఫోల్డ్ నడిపే రాత్రుల్లో, వేలం వెర్రిగా నాట్యం సాగుతుంటే పక్క గదిలో అలెక్స్ ప్యాటర్సన్, మనం చెప్పుకున్న కాటీ కలిసి డ్రమ్ములు దాదాపు లేని సంగీతం పెట్టేవారు. అలసిపోయినవాళ్లు వచ్చి చతికిలబడటానికి ఆ గది. సముద్రపు హోరు, పక్షుల కూతలు, సంగీతకారుడు బ్రయన్ ఈనో రికార్డులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయేవి. ప్యాటర్సన్ తరవాత ‘ది ఆర్బ్’ పేరుతో 1990లో ‘లిటిల్ ఫ్లఫీ క్లౌడ్స్’ చేశాడు. అందులో గాయని రికీ లీ జోన్స్ పాడదు, మాట్లాడుతుంది. ఏదో ఇంటర్వ్యూలో తన చిన్ననాటి అరిజోనా ఆకాశం గురించి చెప్పుకున్న మాటలవి. కింద స్టీవ్ రైష్ రాసిన గిటార్ వరస. రెండో మూడో సారికి ఆ మాటలు పాటలాగే వినబడటం మొదలవుతుంది.

అది భ్రమే గానీ చాలామందికి కలిగే భ్రమ. డయానా డాయిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1995లో తన సొంత వ్యాఖ్యానాన్ని సీడీ కోసం సరిచేసుకుంటూ, అందులో ఒక చిన్న వాక్యాన్ని పదేపదే తిరిగేలా వదిలేసింది. కాసేపటికి గదిలో ఎవరో పాడుతున్నట్టు అనిపించింది. రికార్డింగులో పిసరంత మార్పు లేదు. మళ్లీ మళ్లీ వింటుంటే మెదడు అర్థం వెతకడం మానేసి స్వరం పట్టుకుంటుంది. శాంప్లింగ్‌లో సగం విద్య ఈ మలుపు మీదే నిలబడి ఉంది. ఎంత సేపు తిప్పితే మాట పాటవుతుందో, ఇంకెంత తిప్పితే విసుగవుతుందో తెలిసినవాడు నేర్పరి.

అసలు తిప్పడాన్ని కావాలని మొదలుపెట్టినవాడు పియెర్ షెఫర్, పారిస్ రేడియోలో ఇంజినీరు. 1948లో రైల్వే స్టేషనుకు వెళ్లి ఇంజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటితోనే ఒక కృతి కూర్చాడు. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు, గ్రామఫోను పళ్లేలే. గాడి ముందుకు పోకుండా తన చుట్టూ తానే మూసుకునేలా చేస్తే సూది అదే ముక్కను అదే పనిగా పలికేది. అరిగిన రికార్డు చేసే ఆగడాన్ని ఆయన పరికరంగా మార్చుకున్నాడు.

1980ల్లో ఆ పని పెట్టెలోకి చేరింది. ఈ-ము సంస్థ 1987లో తెచ్చిన ఎస్పీ-1200 యంత్రంలో మొత్తం మీద పట్టేది సుమారు 10 సెకన్ల శబ్దం. ఆ పదీ చాలక కుర్రాళ్లు ఒక ఎత్తు వేశారు. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 మీద తిప్పి, వేగంగా లోపలికి ఎక్కించి, యంత్రంలో మళ్లీ నెమ్మదింపజేసేవారు. చోటు ఆదా అయ్యేది. దాంతోపాటు శబ్దంలోని సన్నటి మెరుపులు పోయి ఒక మసక, ఒక గరుకుదనం మిగిలేవి. లోపమని సరిదిద్దుకోవాల్సిన ఆ గరుకే అందరికీ తెగ నచ్చేసింది. ఇంకో సంగతి. ఈ పద్ధతిలో వేగం తగ్గిస్తే శ్రుతీ దిగుతుంది. గాయని గొంతు కాస్త బరువెక్కుతుంది, వయొలిన్లు నిద్రమత్తులోకి జారతాయి. చిల్ ఔట్ రికార్డుల్లోని ఆ తూగు చాలావరకు ఇక్కడినుంచి వచ్చిందే.

ఆ పెట్టెల్లో ఒకటైన అకాయ్ ఎంపీసీ-60, ఒక టర్న్‌టేబుల్, ఒక మల్టీట్రాక్ రికార్డరు పెట్టుకుని కాలిఫోర్నియా కుర్రాడు జోష్ డేవిస్, డీజే షాడో పేరుతో, 1996లో ‘ఎండ్‌ట్రొడ్యూసింగ్’ చేశాడు. పూర్తిగా శాంపిళ్లతో చేసిన మొదటి ఆల్బమ్‌గా గిన్నిస్ పుస్తకం తరవాత దాన్ని నమోదు చేసింది. అందులో ‘మిడ్‌నైట్ ఇన్ ఎ పర్ఫెక్ట్ వరల్డ్’ వినండి. పియానో డేవిడ్ ఆక్సెల్‌రాడ్ 1969 రికార్డులోది. దాని కింద ఫిన్లండ్ సంగీతకారుడు పెక్కా పొహ్యోలా. మధ్యలో తేలివచ్చే ఆడగొంతు న్యూయార్క్ ప్రయోగశీలి మెరిడిత్ మంక్‌ది. ఎవరి దారి వారిది, ఎవరి ఏడాది వారిది. షాడో చెవిలో తప్ప ఆ ముగ్గురూ ఎక్కడా కలవలేదు. వింటే మాత్రం అర్ధరాత్రి ఒకే గదిలో కూర్చుని వాయించినట్టుంటుంది.

అలాంటి ముక్కలు చాలా దొరికిన చోటు శాక్రమెంటోలోని ఒక పాత రికార్డుల దుకాణం. ఆల్బమ్ అట్ట మీద ఉన్నది కూడా ఆ కొట్టే. 2001లో వచ్చిన ‘స్క్రాచ్’ డాక్యుమెంటరీలో షాడో దాని నేలమాళిగలో, మనిషి ఎత్తు రికార్డుల గుట్టల మధ్య కూర్చుని మాట్లాడతాడు. అవన్నీ చెదిరిన కలలు, పదేళ్లు పోతే మనమూ ఇక్కడికే చేరతాం అన్న ధోరణిలో. వేళాకోళం కాదది, ఆ గుట్టల పట్ల గౌరవం. ఎవరూ పట్టించుకోని బృందం ఎప్పుడో ఒకసారి వాయించిన నాలుగు సెకన్లను ఎత్తి వెలుగులో పెట్టాలంటే ముందు గంటల తరబడి వినే ఓపిక ఉండాలి. ఈ కళాకారులు వాయిద్యకారుల కంటే ముందు శ్రోతలు.

అయితే ఇది దొంగతనం కాదా? 1991లో న్యూయార్క్ న్యాయమూర్తి ఒకరు అవుననే అన్నారు. గిల్బర్ట్ ఓసల్లివాన్ పాటను అనుమతి లేకుండా వాడుకున్న ర్యాపర్ బిజ్ మార్కీ కేసు అది. తీర్పు మొదలైందే దొంగిలించవద్దన్న బైబిలు ఆజ్ఞతో. ఆ తరవాత లెక్కలు మారిపోయాయి. ఒక్క శాంపిల్‌కు రెండు అనుమతులు కావాలి, పాట రాసినవారి హక్కు ఒకటి, రికార్డింగు సొంతదారు హక్కు మరొకటి. ఇద్దరిలో ఎవరు కాదన్నా ఆగిపోవాల్సిందే. ర్యాపర్ల మీద పడిన ఈ దెబ్బ అందరికీ తగిలింది. పేరున్న పాట జోలికి పోలేక కొందరు మరీ అనామక రికార్డుల్లోకి దిగారు, కొందరు ముక్కల్ని ఇంకా చిన్నగా తరిగారు. చట్టం తెచ్చిన ఇరుకు కళకు కొంత మేలే చేసిందని నా అనుమానం. అసలు సొంతదారులకు న్యాయం జరగాలన్న మాటను కాదనను. బప్పీ లాహిరి బాణీని అమెరికా పాట ‘అడిక్టివ్’ 2002లో పేరైనా వేయకుండా ఎత్తుకుపోతే, ఆయన లాస్ ఏంజిల్స్‌లో కోర్టుకెక్కాల్సి వచ్చింది మరి.

ఇంత ఇరుకులోనూ అన్నిటికన్నా విశాలంగా వినబడే ఆల్బమ్ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. మెల్‌బోర్న్ బృందం ది అవలాంచెస్ 2000 నవంబరులో విడుదల చేసిన ‘సిన్స్ ఐ లెఫ్ట్ యూ’. అందులో సుమారు 3,500 శాంపిళ్లున్నాయని వాళ్ల అంచనా. సెకండ్ హ్యాండ్ కొట్లలో చవగ్గా అమ్ముడయ్యే రికార్డులే వాళ్ల సరుకు. రాబీ చేటర్, డారెన్ సెల్ట్‌మన్ విడివిడిగా పనిచేసి టేపులు మార్చుకునేవారు. మనసులో ఒక కథ లాంటిది ఉండేది. ఒక కుర్రాడు ఒక అమ్మాయిని వెతుక్కుంటూ రేవు నుంచి రేవుకు పోతుంటాడు, ఎప్పుడూ ఒక రేవు వెనకబడే ఉంటాడు. కథ పాటలో ఎక్కడా చెప్పరు. కానీ గంటపాటు పార్టీ మోగుతూనే ఉన్నా అంతటా ఒక దిగులు పాకి ఉండటానికి కారణం అదేనేమో.

దాని నేర్పు ఎక్కడుందో చెప్పాలంటే శ్రుతి దగ్గర ఆగాలి. ప్రతి రికార్డూ దాని శ్రుతిలో అది ఉంటుంది. పది రికార్డుల ముక్కలు ఒకేసారి మోగాలంటే ఒక్కోదాన్నీ కాస్త పైకో కిందికో జరపాలి. జరిపితే వేగం మారి తాళం తప్పుతుంది, అప్పుడు ముక్కను మళ్లీ కోయాలి. ఎంత చేసినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. మొదటి పాట వెనక 1960ల నాటి ది మెయిన్ అట్రాక్షన్ బృందం గొంతులున్నాయి. వేణువు, తీగలు, నవ్వులు వాటి చుట్టూ అల్లుకుని ఎండలో గాలి కదిలినట్టు సన్నగా అలలాడుతుంటాయి. ఆ వెంట్రుకవాసిని కంప్యూటర్ చేత పూర్తిగా సరిచేయించి ఉంటే ఆల్బమ్ చచ్చిపోయి ఉండేది. మడోనా అంతటి తార పాట ‘హాలిడే’ నుంచి బేస్ గీతకు అనుమతి దొరకడం ఆ రోజుల్లో వార్తే అయింది. ఇంత తవ్వకం తరవాత వాళ్ల రెండో ఆల్బమ్ రావడానికి 2016 దాకా పట్టిందంటే ఆశ్చర్యం లేదు.

తెలుగువాళ్లకు ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. లండన్ తమిళ గాయని ఎం.ఐ.ఎ. 2007 ఆల్బమ్ ‘కళ’ మొదటి పాటలో ఇళయరాజా దరువు దూసుకొస్తుంది. మనం ‘దళపతి’గా చూసిన సినిమాలోదే. అది గెంతించే పాటే, చిల్ ఔట్ కాదు. కానీ అది విన్న లండన్ కుర్రాడికి ఎక్కడిదో తెలియని డోలు మోత, మనకు రజనీకాంత్, మమ్ముట్టి. తిరగేసి చూస్తే ‘చిల్ ఔట్’లో ఆకర్ బిల్క్ క్లారినెట్ ఒక తరం ఆంగ్లేయులకు ఇంట్లోని రేడియో, మనకేమో ఊరు పేరు లేని ఒక క్లారినెట్. అయినా హాయిగానే ఉంటుంది. గుర్తుపట్టినవాడు జ్ఞాపకంలోకి వెళ్తాడు, గుర్తుపట్టనివాడు ఊహలోకి. మ్యాపు చూసి ఊళ్లు ఊహించిన డ్రమండ్ లాంటివాడికి మనలాంటి శ్రోతలే సరిజోడు.

ఇప్పుడు యూట్యూబ్‌లో రాత్రీపగలూ ఆగకుండా ‘లో-ఫై’ పేరుతో మోగేవి ఈ కుటుంబంలోవే. పిల్లలు చదువుకుంటూ పెట్టుకుంటారు, తప్పేం లేదు. అయితే రికార్డు గీతల చిటపటను కూడా సాఫ్ట్‌వేర్ ఇచ్చేస్తోంది. ఏ రికార్డూ లేకుండా వచ్చిన గీతలవి, వాటి వెనక ఏ గదీ ఉండదు, ఎవరూ ఉండరు. మెత్తగా ఉంటాయి, అంతే.

ఆ తేడా చెవితోనే తేల్చుకోవాలంటే ఒక దారి ఉంది. కేఎల్ఎఫ్ 1992లో సంగీతం మానేసి బ్రిటన్‌లో తమ రికార్డులన్నిటినీ అమ్మకం నుంచి ఉపసంహరించుకున్నారు. మళ్లీ 2021లో స్ట్రీమింగ్‌లోకి వచ్చినప్పుడు ‘చిల్ ఔట్’ను అలాగే పెట్టలేదు. అనుమతి లేని శాంపిళ్లు తీసేసి, తిరిగి కూర్చి, ‘కమ్ డౌన్ డాన్’ అని పేరు మార్చారు. ప్రయాణం కూడా ఇప్పుడు బ్రూక్లిన్ నుంచి మెక్సికో సిటీకి. స్టీల్ గిటార్ ఉంది, రాత్రి ఉంది, సాగిపోయే తీరూ ఉంది. నాకు మాత్రం పాతదాని మీదే మనసు పోతుంది. ఆ టెక్సాస్‌లో జనం ఎక్కువ.