వంటగట్టు బండ మనమే మార్చుకోవడం ఎలా?

సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. నాకు కవిత్వం రాదని హాస్టల్లో నాతో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అందుకని చేతులతో చేసిన పని ఒకటి రాస్తున్నాను. 2022 వేసవిలో మా ఇంట్లో వంటగట్టు మీది పాత బండ తీసేసి, కొత్త బండ నేనూ మా తమ్ముడూ వేసుకున్నాం.

మాది రాచర్ల మండలంలో ఒక పల్లె. కాలనీ ఇల్లు కట్టినప్పుడు వేసిన కడప బండ సింకు దగ్గర పగిలింది. అర రోజు పనికి బేల్దారి మేస్త్రి ఎవరూ రారు. రేపు, ఎల్లుండి అంటారు. అమ్మ ఆ పగులు మీద గోనెపట్ట కప్పి రెండేళ్ళు నెట్టుకొచ్చింది.

ముందు రాయి సంగతి చెబుతాను. మన వైపు రాళ్ళకు కొదవ లేదు. మార్కాపురం పలక మీద మనమంతా అ ఆలు దిద్దినవాళ్ళమే. బంకమట్టి కోట్ల సంవత్సరాల ఒత్తిడికి గట్టిపడితే ఆ రాయి తయారైంది. పొరలుగా చీలడం దాని గుణం. చీలుతుంది కాబట్టే పలక అయింది, అందుకే దాన్ని వంటగట్టుకు నేను వాడను. కడప బండ సున్నపురాయి. చవక, గట్టిది కూడా, కానీ పులుపుకు ఆగదు. నిమ్మరసమో చింతపండు పులుసో పడి ఆరితే అక్కడ నునుపు పోతుంది. ఆమ్లం కార్బనేట్‌ను కరిగిస్తుందని సైన్సు పుస్తకంలో చదువుకున్నదే. బోరునీళ్ళ తెల్లమరకలు పోవాలని నిమ్మచెక్కతో రుద్దేవాళ్ళు మరకతో పాటు బండనూ కరిగిస్తున్నారు. చీమకుర్తి గెలాక్సీని అంగట్లో గ్రానైటు అంటారు గానీ, భూగర్భ శాస్త్రంలో అది గ్యాబ్రో జాతి రాయి. నల్లటి రాతిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. పులుపు దాన్ని ఏమీ చేయలేదు. పెద్ద బండలు కోయగా మిగిలిన ముక్కలు తక్కువ ధరకు దొరుకుతాయి. మేము తెచ్చింది అలాంటి ముక్కే.

కొలతల దగ్గర నేను తప్పు చేశాను. మా గట్టు రెండు గోడల మధ్య ఉంటుంది. ముందు అంచు కొలిస్తే సరిగ్గా ఆరడుగులు వచ్చింది, అదే రాసుకున్నాను. గోడ మూలలు సమంగా లేవు. వెనక వైపు ముప్పావు అంగుళం తక్కువ ఉందని బండ సగం లోపలికి పోయి ఇరుక్కున్నాక తెలిసింది. దాన్ని వెనక్కి లాగి, గోడ పూత చెక్కడానికి ఒక పూట పట్టింది. తమ్ముళ్ళూ, ముందు, మధ్య, వెనక మూడుచోట్లా కొలవండి. మూల సమంగా ఉందో లేదో చూడడానికి మూలమట్టం లేకపోయినా పర్వాలేదు. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య దూరం కొలవండి. 5 అడుగులు వస్తే లంబకోణం. పైథాగరస్ సిద్ధాంతం పదో తరగతి పరీక్ష తర్వాత నాకు అక్కరకొచ్చింది ఆ రోజే.

గట్టు ఎత్తు మేస్త్రి అలవాటును బట్టి కాదు, వంట చేసే మనిషిని బట్టి పెట్టాలి. నిలబడి మోచెయ్యి మడిస్తే, దానికి నాలుగంగుళాల కిందికి గట్టు ఉండాలి. దాని మీద స్టవ్వు ఎత్తు ఎలాగూ కలుస్తుంది. మాది 33 అంగుళాలుండేది. "నేనేమన్నా తాటిచెట్టునా నాయనా" అంది అమ్మ. దిమ్మెలు ఒక వరస ఇటుక తీసి 30కి తగ్గించాం.

పాత బండ తీసేముందు సిలిండరు బయట పెట్టి, నీళ్ళు కట్టేసి, సింకు గొట్టం విప్పుకోవాలి. గోడ వెంబడి సిమెంటు అతుకును ఉలితో విడదీసి, కింద చెక్క ఆనించి పలుగుతో మెల్లగా లేపాలి. పైనుంచి సుత్తితో కొడితే ముక్కలు కాళ్ళ మీద పడతాయి.

కొత్త బండ ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం. బరువు 60 కిలోల దాకా ఉంటుంది. దాన్ని అంచు మీద నిలబెట్టి మోయాలి. రాయి అణిచితే ఓర్చుకుంటుంది, వంచితే విరుగుతుంది. పడుకోబెట్టి రెండు కొసలూ పట్టుకుంటే సొంత బరువుకే నడుము విరిగే ప్రమాదం ఉంది. సింకు కోసం కోసిన చోట మిగిలే సన్నటి పట్టీలు మరీ బలహీనం. మూలలు కోసుగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది కాబట్టి ముందు నాలుగు మూలలా గుండ్రటి రంధ్రాలు వేయించి తర్వాత కోయించాలి.

ఆ కోత మాత్రం ఇంట్లో చేయొద్దు. ఇది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నానేమో.

మా నాన్న మార్కాపురంలో పలకల పనికి పోయేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా బూడిదరంగుగా ఉండేవి. టీబీ అని మందులు మింగించారు. దగ్గు తగ్గలేదు. నేను ఇంటర్లో ఉండగా పోయాడు. అది సిలికోసిస్ అయి ఉంటుందని నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. రాతిధూళిలో క్వార్ట్జ్ ఉంటుంది. కంటికి కనపడనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరి మచ్చలు కడతాయి. ఆ మచ్చలు మానవు. ఎక్స్‌రేలో రెండు జబ్బులూ ఒకేలా కనిపించవచ్చు, పైగా సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ తొందరగా అంటుకుంటుంది. క్వార్ట్జ్ పొడికి రెజిన్ కలిపి చేసే కృత్రిమ బండల్లో సిలికా నూటికి తొంభై పాళ్ళు దాటి కూడా ఉంటుంది. వాటిని కోసే కుర్రాళ్ళు జబ్బుపడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. గెలాక్సీలో క్వార్ట్జ్ తక్కువే, అయినా ధూళి పీల్చదగ్గది కాదు. మేము సింకు కోత, అంచు నునుపు రెండూ దుకాణంలోనే నీళ్ళు పోస్తూ కోసే మిషను మీద చేయించాం. గోడ పూత చెక్కేటప్పుడు కూడా నీళ్ళు చల్లుకున్నాం. మనలో టైల్సు పనికీ రాతి పనికీ పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. మూతికి కట్టిన తువ్వాలు ఈ ధూళిని ఆపదు. నీళ్ళు పోసే కోయండి, దానికి తోడు ఎన్95 మాస్కు పెట్టుకోండి.

ఇక వేయడం తేలిక. రెండడుగులకు ఒక దిమ్మె ఉండాలి, సింకు పక్కన ఇంకోటి ఎక్కువ ఉంటే మేలు. దిమ్మెల మట్టం నీళ్ళ గొట్టంతో చూశాం. గొట్టం రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి, రసమట్టం కన్నా అది నమ్మకం. సింకు వైపు మాత్రం ఆరడుగులకూ కలిపి రెండు నూళ్ళు వాలు ఉంచాం. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. దిమ్మెల మీద మాలు పరిచి, బండ దింపి, చెక్క ముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టాం. ముందుకు అంగుళం బయటికి ఉంచి, ఆ అంచు కింద సన్నటి గాడి తీయించాం. ఆ గాడి ఉంటే కారిన నీళ్ళు దిమ్మెల మీదికి పాకకుండా అక్కడే కిందికి రాలిపోతాయి. గోడ అతుకును తెల్ల సిమెంటుతో పూడ్చాం.

మాలు గట్టిపడేదాకా బరువు పెట్టకూడదు. మూడు రోజులు అమ్మ బయట కట్టెల పొయ్యి మీదే వండింది. నాలుగో రోజు స్టవ్వు పెట్టి, మొదట చింతపండు పులుసు కాచి, కావాలనే ఒక గరిటె బండ మీద ఒంపి చూసింది.