వ్యాసప్రశ్న – సమాధాన రచన

మన పాఠశాలలో చదువు ముగించి విశ్వవిద్యాలయ పరీక్షలకు పోవు విద్యార్థులు కొందరు తిరిగివచ్చి, “చదివినదంతయు వ్రాసితిమి; అయినను మార్కులు రాలేదు” అని మాతో చెప్పుకొనుచుందురు. ఒడిశాలో నుండి తెలుగున చదివించుటయే ఇందులకు కారణమేమో యని తల్లిదండ్రులు శంకించుచున్నారు. మాకు తోచినంతవరకు లోపము భాషలో లేదు. ప్రశ్నను చదువుటలో నున్నది.

ఈ లోపము మేమును ఎరుగనిది కాదు. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందుచున్న దినములలో, ఇద్దరు కవులను పోల్చుమని అడిగిన ప్రశ్నకు వారి చరిత్రలను వేరువేరుగా వ్రాసి ఆరు పుటలు నింపితిమి. అందు పోలిక యొక్క వాక్యమైనను లేదు. మార్కులు చూచిన పిమ్మట గాని మాకు కనువిప్పు కలుగలేదు.

ఈ ప్రశ్నను చూడుడు: “వ్యావహారిక భాషోద్యమమున గిడుగు వేంకట రామమూర్తిగారి కృషిని విమర్శనాత్మకముగా పరిశీలింపుము.” ఇందు మూడంశములు కలవు. గిడుగువారి కృషి విషయము. వ్యావహారిక భాషోద్యమము పరిధి. విమర్శనాత్మకముగా పరిశీలించుట ఆజ్ఞ.

పరిధిని గుర్తింపని విద్యార్థి, ఆయన 1863లో జన్మించెననియు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండెననియు, సవర భాషకు వ్యాకరణము వ్రాసెననియు పుటలు నింపును. ఇవి సత్యములే. పర్లాకిమిడి మన ఒడిశాలోనిదే గనుక మనకు గర్వకారణములు కూడ. కాని ప్రశ్న అడిగినది జీవితచరిత్ర కాదు. సవర భాషాకృషిని పేర్కొనదలచినచో, జనుల నోట వినబడు భాషకు ఆయన ఇచ్చిన విలువతో దానిని ముడిపెట్టి చూపవలెను. ముడిపడని సత్యము సమాధానమున బరువే గాని బలము కాదు.

ఇక ఆజ్ఞ. “వివరింపుము” అనినచో ఏమి, ఎట్లు, ఏల అనువానిని చెప్పవలెను. “పోల్చుము” అనినచో ఒక్కొక్క అంశమున ఇరువురిని ప్రక్కప్రక్కన నిలుపవలెను. “సమర్థింపుము” అనినచో చెప్పిన మాటకు హేతువులు చూపవలెను. “విమర్శ” యనగా నింద కాదు; ఇరుపక్షములను తూచి తీర్పు చెప్పుట. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము ననుసరించిన భాష, చదువుకొన్నవారి వాడుకకు దూరమై బాలురకు భారమగుచున్నదని గిడుగువారి వాదము. వాడుక ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరున నుండును గావున గ్రాంథికమే అందరిని కలిపియుంచునని ప్రతిపక్షుల వాదము. రెంటిని చెప్పి, నేడు పత్రికలును పాఠ్యగ్రంథములును చాలవరకు వాడుకభాషలోనే వెలువడుచున్నవను విషయమును గమనించి, మీ నిర్ణయమును హేతువుతో తెలుపుడు.

కాలమును కూడ లెక్కింపవలెను. మూడు గంటలలో అయిదు వ్యాసములైనచో ఒక్కొక్కదానికి 36 నిమిషములు. అందు అయిదు నిమిషములు ఆలోచనకు, మూడు నిమిషములు తిరిగి చదువుటకు ఉంచుకొనుడు. మొదట చిత్తుగా నాలుగైదు అంశములు వ్రాసికొనుడు. తొలి పేరాలోనే ప్రశ్నకు సూటిగా సమాధానమిండు. తరువాత ప్రతి పేరాకు ఒక అంశము, దానికొక నిదర్శనము చాలును. ముగింపున చెప్పినదే మరల చెప్పక, తేలిన నిర్ణయమును చెప్పుడు. ఒక ప్రశ్నకు మిక్కిలి చక్కగా వ్రాసి కడపటిదానిని విడిచినవాడు, అయిదింటికిని మధ్యమముగా వ్రాసినవానికంటె వెనుకబడుట మేము పలుమారులు చూచితిమి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీకు పాఠము తెలియకున్నను చింత లేదు. రాత్రి భోజనమైన పిదప బిడ్డ చేత ఒక ప్రశ్నను చదివించి, “నిన్ను అడిగినదేమిరా?” అని ఇంటి మాటలో అడుగుడు. వాడు పుస్తకము చూడక రెండు వాక్యములలో చెప్పగలిగెనా, సగము సమాధానము వ్రాసినట్లే. చెప్పలేకపోయెనా, కలము పట్టుటకు ఇంకను వేళ కాలేదని తెలియుడు.